తెలుగు పరిశోధన సామగ్రి - యూనిక్స్ ప్రారంభ స్క్రిప్టులలో పెద్దచిన్న అక్షరాల సమస్య: ఉదయగిరి, ఆత్మకూరు ఉదాహరణలు

వ్యాససంగ్రహం:

తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే భేదం లేదు. ఆంగ్లంలో ఉన్న ఆ భేదాన్నే ఆధారం చేసుకొని తెలుగును రోమన్ లిపిలో రాసే పద్ధతి మూడు దశాబ్దాలుగా వాడుకలో ఉంది. యూనిక్స్ కుటుంబానికి చెందిన కంప్యూటర్లలో షెల్ ప్రారంభమయ్యేటప్పుడు చదివే స్క్రిప్టులలో ఈ భేదాన్ని విస్మరించే అమరికలు కొన్ని ఉన్నాయి. అవి సౌకర్యంగా కనిపించినా, రోమన్ లిపిలో రాసుకున్న తెలుగు సామగ్రి విషయంలో అర్థనష్టానికీ, ఒక్కొక్కసారి సామగ్రి నష్టానికీ దారితీస్తాయి. పశ్చిమ నెల్లూరు ప్రాంతంలోని ఉదయగిరి, ఆత్మకూరు పరిసరాల క్షేత్రసామగ్రిని ఉదాహరణగా తీసుకొని, ఏ సందర్భంలో అక్షరభేదాన్ని విస్మరించవచ్చో, ఏ సందర్భంలో విస్మరించకూడదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలక పదాలు: తెలుగు లిపి, రోమన్ లిప్యంతరీకరణ, యూనిక్స్, షెల్, ప్రారంభ స్క్రిప్టు, అక్షరభేదం, ఉదయగిరి, ఆత్మకూరు, క్షేత్రసామగ్రి.

1. ఉపోద్ఘాతం:

జానపద, మాండలిక పరిశోధన చేసేవారి చేతిలో ఒకప్పుడు నోటుపుస్తకం, టేపురికార్డరు ఉండేవి. నేడు ఆ స్థానంలో ఫోను, ల్యాప్‌టాప్ ఉన్నాయి. సేకరించిన పాటకు, పదానికి, కథకు ఒక ఫైలు పేరు పెట్టక తప్పదు. ఆ పేరు ఎలా పెట్టాలి, ఏ లిపిలో పెట్టాలి, ఏ కంప్యూటరులో దాచాలి అన్న విషయాలను మన పరిశోధన పద్ధతుల పాఠ్యాంశాలలో సాధారణంగా బోధించరు. వాటిని సాంకేతిక విషయాలుగా భావించి వదిలివేస్తాం. కానీ ఆ నిర్లక్ష్యం మూల్యం కోరుతుందని స్వానుభవం వల్ల తెలిసింది.

ఆత్మకూరు సమీపంలోని ఒక పల్లెలో ఒక పెద్దావిడ పాడిన నాట్ల పాటలను రికార్డు చేసుకొని, లైనక్స్ ఉన్న నా కంప్యూటరులో దాచుకున్నాను. రోమన్ లిపిలో 'పాట' అని రాసి, పక్కన వరుస సంఖ్య ఇవ్వడం నేను పాటించిన పద్ధతి. అదే డైరెక్టరీలో పాతబడిన చిత్తుప్రతులకు 'పాత' అని పేరు పెట్టాను. రోమన్ లిపిలో ఈ రెండు పేర్లకూ ఒక్క అక్షరమే తేడా. 'పాట'లో పెద్ద టీ, 'పాత'లో చిన్న టీ. కొంతకాలానికి చిత్తుప్రతులను తొలగించదలచి, 'పాత'తో మొదలయ్యే ఫైళ్ళన్నిటినీ తీసివేయమని నక్షత్రం గుర్తుతో కమాండు ఇచ్చాను. చిత్తుప్రతులతోపాటు పాటలూ పోయాయి. కొన్ని రోజుల ముందు సౌకర్యం కోసం నా ప్రారంభ స్క్రిప్టులో నేనే చేర్చుకున్న ఒక్క వాక్యం అందుకు కారణం.

ఆ పెద్దావిడ వద్దకు తిరిగి వెళ్ళాను. ఆమె మళ్ళీ పాడారు. అయితే మొదటిసారి వచ్చిన రెండు చరణాలు రెండవసారి రాలేదు. మౌఖిక సాహిత్యంలో ప్రతి ప్రదర్శనా ఒక ప్రత్యేక పాఠమని తరగతిలో చెప్పే మాట ఆనాడు నాకు మరింతగా అర్థమైంది. ఆ ఒక్క వాక్యం ఏమిటి, అది ఎలా పనిచేసింది, దానికి బదులు ఏం చేయాలి అన్న ప్రశ్నలకు సమాధానాలు వెతికే క్రమంలో ఈ వ్యాసం రూపొందింది.

ఒక సూచన: ఈ వ్యాసంలో కమాండుల పేర్లను, అమరికల పేర్లను ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇస్తున్నాను. కంప్యూటరుకు ఇచ్చేటప్పుడు వాటిని ఆంగ్లాక్షరాలలోనే టైపు చేయాలి.

2. పెద్దచిన్న అక్షరాలు - నేపథ్యం:

మన పిల్లలు బడిలో పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు అని రెండు మాలలు నేర్చుకుంటారు. ఐరోపా అచ్చుశాలల్లో పెద్ద అక్షరాల దిమ్మలను పై అరలోను, చిన్న అక్షరాల దిమ్మలను కింది అరలోను ఉంచేవారు. ఆ అరకు ఉన్న 'కేస్' అనే పేరే నేటికీ ఈ భేదానికి పేరుగా నిలిచింది. లాటిన్, గ్రీకు, సిరిలిక్, ఆర్మేనియన్ లిపులలో ఈ భేదం ఉంది. తెలుగు, కన్నడం, తమిళం, దేవనాగరి వంటి భారతీయ లిపులలో లేదు.

కంప్యూటరుకు అక్షరమంటే ఒక సంఖ్య. ఆస్కీ ప్రమాణంలో పెద్ద ఏ సంఖ్య 65, చిన్న ఏ సంఖ్య 97. ప్రతి జంట మధ్యా తేడా 32. అందువల్ల మనిషి కంటికి ఒకే అక్షరంగా తోచేవి యంత్రానికి రెండు వేర్వేరు అక్షరాలు. 1963లో వెలువడిన ఆస్కీ తొలిప్రతిలో చిన్న అక్షరాలు లేవు; 1967 నాటి సవరణలో స్థిరపడ్డాయి. బెల్ ప్రయోగశాలలో 1969లో మొదలైన యూనిక్స్ రెండు రకాల అక్షరాలనూ వేర్వేరుగా గుర్తించే మార్గాన్ని ఎంచుకుంది. కమాండులు, ఫైళ్ళ పేర్లు చిన్న అక్షరాలలో ఉండడం ఆచారమైంది. పెద్ద అక్షరాలు మాత్రమే ఉన్న టెలిటైపు యంత్రాలు కూడా ఆనాడు వాడుకలో ఉండేవి. అందుకే లాగిన్ పేరును మొత్తం పెద్ద అక్షరాలలో టైపు చేస్తే, ఆ యంత్రంలో చిన్న అక్షరాలు లేవని యూనిక్స్ ఊహించి, ఆపై వచ్చే అక్షరాలన్నిటినీ చిన్నవిగా మార్చుకొనేది. అక్షరభేదాన్ని గౌరవించడం, అవసరమైన చోట విస్మరించడం అనే రెండు ధోరణులూ యూనిక్స్‌లో మొదటి నుండీ ఉన్నాయని దీనివల్ల తెలుస్తుంది.

3. రోమన్ తెలుగులో అక్షరభేదమే అర్థభేదం:

1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి 'ఆర్‌టీఎస్' అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. కంప్యూటరులో తెలుగు అక్షరాలు సులభంగా దొరకని రోజులలో విదేశాలలోని తెలుగువారు ఉత్తరప్రత్యుత్తరాలకూ, పద్యాలు పంచుకోవడానికీ దీనిని విస్తృతంగా వాడుకున్నారు. ఆంగ్ల అక్షరాలు 26 మాత్రమే. తెలుగు వర్ణాలు అంతకంటే చాలా ఎక్కువ. ఆ కొరతను తీర్చడానికి ఈ పద్ధతి పెద్ద అక్షరాలను ప్రత్యేక వర్ణాలుగా వాడుకుంది. చిన్న టీ తకారం, పెద్ద టీ టకారం. చిన్న డీ దకారం, పెద్ద డీ డకారం. చిన్న ఎన్ నకారం, పెద్ద ఎన్ ణకారం. చిన్న ఎల్ లకారం, పెద్ద ఎల్ ళకారం. హ్రస్వాచ్చుకు చిన్న అక్షరం, దీర్ఘాచ్చుకు పెద్ద అక్షరం కూడా వాడవచ్చు.

భాషాశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఈ పద్ధతిలో పెద్దచిన్నల తేడా వర్ణభేదకం. కింది జంటలు అందుకు నిదర్శనం:

పాట - పాత
అట్ట - అత్త
గడి - గది
వాడు - వాదు
కళ - కల
కడుపు - కదుపు
నాడి - నాది

వీటిలో ప్రతి జంటా రోమన్ లిపిలో ఒక అక్షరపు పెద్దచిన్నల తేడాతోనే వేరవుతుంది. 'అట్ట' విషయంలో జంట హల్లు కాబట్టి రెండు అక్షరాలు మారుతాయి. అక్షరభేదాన్ని విస్మరించమని కంప్యూటరుకు చెప్పడమంటే, తకార టకారాలు ఒకటేనని చెప్పడం. తెలుగు తెలిసినవారెవరూ ఈ మాటకు అంగీకరించరు.

ఊరి పేర్లు మరింత ఆసక్తికరమైన ఉదాహరణలు. ఆంగ్లంలో సంజ్ఞానామం పెద్ద అక్షరంతో మొదలు కావాలి. ఆ అలవాటుతో ఉదయగిరిని పెద్ద యూతో మొదలుపెట్టి రాస్తే, ఆర్‌టీఎస్ ప్రకారం అది 'ఊదయగిరి' అవుతుంది. నెల్లూరును పెద్ద ఎన్‌తో మొదలుపెడితే తొలి అక్షరం ణకారమవుతుంది. ఆత్మకూరు విషయంలో మాత్రం పెద్ద ఏ సరిగ్గా దీర్ఘాన్నే సూచిస్తుంది. చిన్న ఏతో రాస్తేనే 'అత్మ' అని తప్పు వస్తుంది. ఉదయగిరిని మొత్తం పెద్ద అక్షరాలలో రాస్తే 'ఊడా' అనే ధ్వనులతో మొదలవుతుంది. ఒకే ఊరి పేరు ఆంగ్ల వర్ణక్రమంగా ఉన్నప్పుడు ఒక నియమం, ఆర్‌టీఎస్ తెలుగుగా ఉన్నప్పుడు మరొక నియమం వర్తిస్తుందన్నమాట. ఈ వ్యాసంలో చెప్పబోయే పరిష్కారాలన్నీ ఈ ఒక్క విచక్షణపైనే ఆధారపడి ఉన్నాయి.

4. షెల్ ప్రారంభ స్క్రిప్టులు:

మనం టైపు చేసిన కమాండును చదివి, అర్థం చేసుకొని, అమలుచేయించే ప్రోగ్రామును షెల్ అంటారు. 1979లో యూనిక్స్ ఏడవ ప్రతితో వచ్చిన బోర్న్ షెల్, 1989లో వెలువడిన బ్యాష్, 1990 నాటి జడ్ షెల్ వీటిలో ప్రసిద్ధమైనవి. షెల్ పని మొదలుపెట్టే ముందు కొన్ని ఫైళ్ళను చదివి, వాటిలో ఉన్న ఆదేశాలను పాటిస్తుంది. అవే ప్రారంభ స్క్రిప్టులు.

బ్యాష్ విషయంలో మూడు సందర్భాలను వేరుచేసి చూడాలి. మొదటిది లాగిన్ షెల్. ఇది ముందు అందరికీ ఉమ్మడిగా ఉన్న ప్రొఫైల్ ఫైలును చదువుతుంది. తర్వాత వాడుకరి సొంత డైరెక్టరీలోని బ్యాష్ ప్రొఫైల్, బ్యాష్ లాగిన్, ప్రొఫైల్ అనే మూడింటిలో మొదట దొరికిన ఒక్కదానినే చదువుతుంది. రెండవది, లాగిన్‌తో సంబంధం లేకుండా టెర్మినల్ కిటికీ తెరిచినప్పుడు వచ్చే సంభాషణ షెల్. ఇది బ్యాష్‌ఆర్‌సీ అనే ఫైలును చదువుతుంది. మూడవది స్క్రిప్టును నడిపే షెల్. ఇది సాధారణంగా ఈ రెండింటినీ చదవదు.

ఈ తేడా తెలియకపోవడం వల్ల ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడుతుంది. బ్యాష్‌ఆర్‌సీలో ఒక అమరిక పెట్టుకున్నవారు టెర్మినల్‌లో వాక్యాలను ఒక్కొక్కటిగా టైపు చేసి చూసినప్పుడు అన్నీ సరిగ్గా పనిచేస్తాయి. అవే వాక్యాలను స్క్రిప్టుగా భద్రపరచి నడిపితే ఫలితం మారిపోతుంది. మన టెర్మినల్‌లో ఉన్న అమరిక స్క్రిప్టు నడిచే షెల్‌కు చేరకపోవడమే ఇందుకు కారణం. దీనికి ఒక మినహాయింపు ఉంది. 'బ్యాష్‌ఆప్ట్స్' అనే చరరాశిని పరిసరంలోకి ఎగుమతి చేసినట్లయితే, దానిలో ఉన్న అమరికలన్నీ పిల్ల షెల్‌లకు కూడా సంక్రమిస్తాయి. ఇది కావాలని చేయవలసిన పని కాదు.

మరొక చిక్కు షెల్‌ల మధ్య తేడా. డెబియన్, ఉబుంటు వ్యవస్థలలో 'ఎస్‌హెచ్' అనే పేరుతో పనిచేసేది బ్యాష్ కాదు, డ్యాష్ అనే చిన్న షెల్. బ్యాష్‌కు మాత్రమే తెలిసిన ఆదేశాన్ని అందరూ చదివే ప్రొఫైల్ ఫైలులో రాస్తే, డ్యాష్ దానిని అర్థం చేసుకోలేక దోషాన్ని చూపుతుంది.

5. అక్షరభేదాన్ని విస్మరించే మూడు అమరికలు:

బ్యాష్ వాడుకరులు ప్రారంభ ఫైళ్ళలో పెట్టుకొనే అమరికలలో ఈ విషయానికి సంబంధించినవి మూడు. పేర్లు దగ్గరగా ఉన్నా వీటి ప్రభావం ఒకటి కాదు.

5.1 పూరణలో విస్మరణ: పేరులో కొంత టైపు చేసి ట్యాబ్ మీట నొక్కితే మిగతా పేరును షెల్ పూరిస్తుంది. 'కంప్లీషన్ ఇగ్నోర్ కేస్' అనే అమరికను ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైలులో పెట్టుకుంటే, ఈ పూరణలో పెద్దచిన్నల తేడా పట్టించుకోదు. పూరించిన పేరు తెరపై కనిపిస్తుంది. ఎంటర్ నొక్కే ముందు చూసుకొనే అవకాశం మనకు ఉంటుంది. అందువల్ల ఇది దాదాపు నిరపాయకరం.

5.2 ఫైళ్ళ పేర్ల విస్తరణలో విస్మరణ: నక్షత్రం గుర్తు ఉన్న నమూనాను షెల్ సరిపోలిన ఫైళ్ళ జాబితాగా విస్తరిస్తుంది. 'నోకేస్‌గ్లాబ్' అనే అమరిక ఈ విస్తరణలో అక్షరభేదాన్ని తొలగిస్తుంది. విస్తరించిన జాబితా మనకు కనిపించదు. నేరుగా కమాండుకు చేరుతుంది. నా పాటలు పోవడానికి కారణం ఇదే. 'పాత'తో మొదలయ్యేవి అని నేను అడిగితే, 'పాట'తో మొదలయ్యేవి కూడా జాబితాలో చేరాయి. నక్షత్రం లేకుండా పూర్తి పేరు ఇచ్చి ఉంటే ఈ అమరిక ప్రభావం ఉండేది కాదు. తొలగించే కమాండుకు ముందు అదే నమూనాను జాబితా చూపే కమాండుకు ఇచ్చి చూసుకోవడం దీనికి సులభమైన రక్ష.

5.3 పోలికలో విస్మరణ: 'నోకేస్‌మ్యాచ్' అనే అమరిక 'కేస్' నిర్మాణంలోనూ, జంట చదరపు కుండలీకరణాల పరీక్షలోనూ అక్షరభేదాన్ని తొలగిస్తుంది. ఒంటి చదరపు కుండలీకరణంతో చేసే పాత పరీక్షపై దీని ప్రభావం లేదు. కాబట్టి ఒకే స్క్రిప్టులో ఒక చోట రెండు పదాలు సమానమని, మరొక చోట కాదని తేలవచ్చు. లిప్యంతరీకరించిన పదాలను వర్గీకరించే స్క్రిప్టులో ఇది అమలులో ఉంటే, 'అత్త' వరసల పట్టికలోకి 'అట్ట' చేరిపోతుంది. దోషసూచన ఏదీ రాదు. తప్పు పట్టికలో నిశ్శబ్దంగా నిలిచిపోతుంది. ఫైలు పోతే పోయిందని ఎప్పటికైనా తెలుస్తుంది. పట్టికలోని తప్పు ప్రచురణ దాకా తెలియకపోవచ్చు. పరిశోధన దృష్టితో చూస్తే ఈ మూడవ అమరికే ఎక్కువ ప్రమాదకరం.

6. అవును, కాదు అనే అమరికలు:

ఇంతవరకు చెప్పినదానిని బట్టి అక్షరభేదాన్ని ఎప్పుడూ విస్మరించకూడదని భావించనవసరం లేదు. మనిషి చేతితో రాసే అమరికల ఫైలులో 'ఎస్', 'నో' వంటి జవాబులు ఉంటాయి. ఒకరు మొత్తం పెద్ద అక్షరాలలో, ఒకరు చిన్న అక్షరాలలో, మరొకరు మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగా రాస్తారు. ముగ్గురి ఉద్దేశ్యం ఒకటే. ఇక్కడ భేదాన్ని పాటించడం అనవసరమైన కాఠిన్యం.

బీఎస్‌డీ కుటుంబపు యూనిక్స్‌లు దీనికి చక్కని పద్ధతిని అనుసరించాయి. నెట్‌బీఎస్‌డీ 1.5 ప్రతితో 2000లో వచ్చి, తర్వాత ఫ్రీబీఎస్‌డీ స్వీకరించిన ప్రారంభ వ్యవస్థలో 'చెక్‌ఎస్‌నో' అనే ఉపక్రియ ఉంది. ఏ సేవ మొదలు కావాలో, ఏది వద్దో నిర్ణయించే అమరికలను ఇది పరీక్షిస్తుంది. ఎస్, ట్రూ, ఆన్, 1 అనే నాలుగింటిలో ఏదైనా ఉంటే అవునని, నో, ఫాల్స్, ఆఫ్, 0 ఉంటే కాదని గ్రహిస్తుంది. పదాలు ఏ రూపంలో రాసినా అంగీకరిస్తుంది. ఈ ఎనిమిదింటిలో ఏదీ కాకపోతే ఊహించకుండా, విలువ సరిగా లేదని హెచ్చరిస్తుంది.

ఇందుకు అది పైన చెప్పిన అమరికలు వేటినీ వాడదు. 'ఎస్' అనే పదానికి నమూనా రాసేటప్పుడు ప్రతి అక్షరానికీ ఒక చదరపు కుండలీకరణం తెరిచి, అందులో ఆ అక్షరపు పెద్దరూపాన్నీ చిన్నరూపాన్నీ పక్కపక్కన ఉంచుతుంది. పెద్ద వై లేదా చిన్న వై, ఆపై పెద్ద ఈ లేదా చిన్న ఈ, ఆపై పెద్ద ఎస్ లేదా చిన్న ఎస్. తెలుగు లిపిలో ఈ నమూనాను ఉన్నదున్నట్లు రాసి చూపడం సాధ్యం కాదు. మన లిపిలో ఆ భేదమే లేదు గనుక మాటలతో చెప్పవలసి వస్తున్నది.

చూడడానికి మోటుగా ఉన్న ఈ పద్ధతికి మూడు గుణాలున్నాయి. ఒకటి, ఇది ఏ షెల్‌లోనైనా పనిచేస్తుంది. రెండు, మరే ఇతర ప్రోగ్రామునూ పిలవనవసరం లేదు. కంప్యూటరు మొదలయ్యే తొలిక్షణాలలో అక్షరాలను మార్చే ప్రోగ్రామున్న డిస్కు భాగం ఇంకా అందుబాటులోకి రాకపోవచ్చు. కాబట్టి షెల్ తనంతట తాను చేయగల పనికే పరిమితం కావడం వివేకం. మూడు, విస్మరణ ఆ ఒక్క పరీక్షకే పరిమితం. దాని ప్రభావం మిగతా స్క్రిప్టుపై పడదు.

7. తాలూకా పేరు - ఒక నమూనా సందర్భం:

నెల్లూరు జిల్లా శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. శాసనాలను తాలూకాల వారీగా విభజించి సంఖ్యలిచ్చారు. ఉదయగిరి, ఆత్మకూరు ఆనాటి తాలూకాలే. అందువల్ల తాలూకా పేరు, సంఖ్య కలిపి ఒక శాసనాన్ని ఉటంకించడం నేటికీ పరిశోధకుల అలవాటు. గజపతుల నుండి శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్న ఘట్టాన్ని అధ్యయనం చేసేవారికి ఈ సంపుటాలు అనివార్యం.

ఈ శాసనపాఠాలను ఆర్‌టీఎస్‌లో టైపు చేసుకొని, తాలూకాల వారీగా డైరెక్టరీలలో దాచుకున్న పరిశోధకుని ఊహించుకుందాం. ప్రారంభ స్క్రిప్టు ఒక అమరికల ఫైలును చదివి, అందులో ఉన్న తాలూకా పేరును బట్టి సరైన డైరెక్టరీని తెరవాలి. ఫైలులో ఆ పేరును ఎవరు ఎలా రాసినా పనిచేయాలి. ఇందుకు కింది క్రమం క్షేమకరం:

మొదట, అమరిక విలువకు ఒక నకలు తీసుకోవాలి. మూలవిలువను మార్చకూడదు.

రెండవది, ఆ నకలును మాత్రమే చిన్న అక్షరాలలోకి మార్చాలి. పోసిక్స్ ప్రమాణంలోని 'టీఆర్' కమాండు అన్ని యూనిక్స్‌లలోనూ ఈ పని చేస్తుంది. 2009లో వచ్చిన బ్యాష్ 4 నుండి చరరాశి పేరు పక్కన రెండు కామాలు పెట్టినా అదే ఫలితం వస్తుంది. కానీ అది డ్యాష్‌లో చెల్లదు.

మూడవది, చిన్న అక్షరాలలోకి మారిన నకలును 'కేస్' నిర్మాణంలో తెలిసిన పేర్లతో పోల్చాలి. ఊరి చివర ఉకారం ఉన్న రూపం, లేని రూపం రెండింటినీ నిలువుగీతతో వేరుచేసి ఒకే శాఖలో ఉంచవచ్చు.

నాలుగవది, ఏ పేరుతోనూ కలవకపోతే ఏదో ఒక తాలూకాను ఊహించుకోకుండా, సందేశమిచ్చి ఆగిపోవాలి. ఆత్మకూరు అనే పేరుతో తెలుగునాట మరికొన్ని ఊళ్ళున్న సంగతి మరువరాదు.

ఐదవది, ఎంపికైన డైరెక్టరీలోని శాసనపాఠాన్ని వెతికేటప్పుడు అక్షరభేదాన్ని పూర్తిగా పాటించాలి. ఇక్కడ ప్రతి పెద్ద అక్షరమూ ఒక తెలుగు వర్ణం.

నోకేస్‌మ్యాచ్‌నే వాడవలసి వస్తే దాని పరిధిని కుదించాలి. ఆ భాగాన్ని గుండ్రని కుండలీకరణాల మధ్య ఉంచితే అది ప్రత్యేక ఉపషెల్‌లో నడుస్తుంది. బయటికి రాగానే అమరిక యథాస్థితికి వస్తుంది. అయితే లోపల మార్చిన చరరాశుల విలువలు కూడా బయటికి రావు. అవి కావాలనుకుంటే 'షాప్ట్' కమాండుకు పీ ఆప్షన్ ఇచ్చి, పూర్వస్థితిని భద్రపరచి, పని ముగిశాక పునరుద్ధరించాలి. అమరిక అప్పటికి అమలులో లేకపోతే ఆ కమాండు వైఫల్య సంకేతాన్ని ఇస్తుంది. దోషం రాగానే ఆగిపొమ్మని ఆదేశించిన స్క్రిప్టులలో ఈ సంకేతం వల్ల పని మధ్యలోనే ఆగుతుంది కనుక జాగ్రత్త అవసరం.

8. లొకేల్ ప్రభావం:

పెద్ద అక్షరానికి చిన్నరూపం ఏది అన్న ప్రశ్నకు అన్ని భాషలలో ఒకే సమాధానం లేదు. తుర్కీ భాషలో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ రెండు వేర్వేరు అక్షరాలు. పెద్ద ఐకి అక్కడ చిన్నరూపం చుక్క లేని ఐ. తుర్కీ లొకేల్ అమలులో ఉన్న కంప్యూటరులో, మొత్తం పెద్ద అక్షరాలలో రాసిన ఉదయగిరిని బ్యాష్ చేత చిన్న అక్షరాలలోకి మార్పిస్తే, అందులోని రెండు ఐలూ చుక్క లేనివవుతాయి. ఆ పేరు మన జాబితాలోని పేరుతో కలవదు.

అలాగే 'ఏ నుండి జడ్ దాకా' అనే అక్షరశ్రేణిలో పెద్ద అక్షరాలు కూడా చేరతాయా అన్నది కొన్ని వ్యవస్థలలో లొకేల్‌ను బట్టి మారుతుంది. బ్యాష్ 5 ప్రతి నుండి ఈ శ్రేణులను ఆస్కీ క్రమంలోనే గ్రహించే అమరిక సహజంగానే అమలులో ఉంటుంది. ఇతర షెల్‌లకు ఆ హామీ లేదు. అమరికలను పోల్చే ఆ ఒక్క వాక్యానికి 'ఎల్‌సీ ఆల్' విలువను 'సీ'గా నిర్దేశించడం సర్వత్రా సురక్షితం. దానిని ప్రారంభ స్క్రిప్టు మొత్తానికి శాశ్వతంగా నిర్దేశిస్తే మాత్రం తెలుగు అక్షరాలు తెరపై సరిగా కనిపించకపోయే అవకాశం ఉంది.

9. ఫైళ్ళ వ్యవస్థలు, పెన్‌డ్రైవులు:

షెల్ ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఫైళ్ళ వ్యవస్థ మరొకలా ప్రవర్తించవచ్చు. లైనక్స్‌లో సాధారణంగా వాడే ఈఎక్స్‌టీ4 వ్యవస్థ అక్షరభేదాన్ని పాటిస్తుంది. మ్యాక్ కంప్యూటర్లు సహజస్థితిలో పాటించవు. పేరును రాసినట్లే దాచుకుంటాయి గానీ వెతికేటప్పుడు భేదం చూడవు. పెన్‌డ్రైవులలో ఉండే ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ వ్యవస్థలూ అంతే.

క్షేత్రపర్యటనలో దీని పర్యవసానం స్పష్టం. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసే పనివారి వృత్తిపదాలను రికార్డు చేసి, లైనక్స్ కంప్యూటరులో 'గది', 'గడి' అనే రెండు ఫైళ్ళుగా దాచామనుకుందాం. వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా పెన్‌డ్రైవులోకి కమాండుతో నకలు చేస్తే రెండవది మొదటిదాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. తెరపైని ఫైల్ మేనేజరుతో చేస్తే, ఈ పేరుతో ఫైలు ఇదివరకే ఉంది, మార్చమంటారా అని అడుగుతుంది. ఆదమరచి అవునంటే ఒక పదం పోయినట్లే. ఇక్కడ ప్రారంభ స్క్రిప్టు అమరికలేవీ మనలను రక్షించలేవు. అక్షరభేదం ఒక్కటే ఆధారంగా రెండు ఫైళ్ళకు పేర్లు పెట్టకుండా ఉండడమే పరిష్కారం.

10. తెలుగు లిపిలోనే రాసినప్పుడు:

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుండే స్థానముంది. తెలుగు అక్షరాలకు పెద్దచిన్న రూపాల అనుబంధం అందులో లేదు. అందువల్ల పైన చెప్పిన మూడు అమరికలూ తెలుగు లిపిలోని పేర్లపై ఏ ప్రభావమూ చూపవు. 'పాట', 'పాత' ఏ ఫైళ్ళ వ్యవస్థలోనైనా వేరుగానే ఉంటాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. ఈఎక్స్‌టీ4లో పేరు పరిమితి 255 బైట్లు కనుక, 85 సంకేతాల వరకు తెలుగులో పేరు పెట్టుకోవచ్చు. గుణింతపు గుర్తు, పొల్లు కూడా ఒక్కో సంకేతంగా లెక్కకు వస్తాయి. అయినా పరిశోధన అవసరాలకు ఇది చాలు.

అయితే తెలుగుకు తనవైన చిక్కులున్నాయి. ఐత్వపు గుర్తును ఒకే సంకేతంగానూ, ఎత్వం దాని కింది గుర్తు కలిసిన రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, యంత్రానికి రెండు. పొల్లు తర్వాత ఒత్తు రాకుండా ఆపడానికి వాడే కనిపించని సంకేతం ఒక ఫైలులో ఉండి మరొకదానిలో లేకపోతే, ఒకే పదం రెండుగా లెక్కకు వస్తుంది. ఆంగ్లంలో పెద్దచిన్నల సమస్యకు తెలుగులో సమానమైన సమస్య ఇదే. దీనికీ ఇందాకటి సూత్రమే వర్తిస్తుంది: మూలాన్ని కదపకుండా, నకలును ఏకరూపం చేసి పోల్చాలి.

11. ముగింపు:

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, ఒక పదం ఏ ప్రాంతంలో ఏ ధ్వనితో పలుకుతారో పట్టించుకొని నమోదు చేయడం నేర్పింది. తకార టకారాల మధ్య తేడాను అంత శ్రద్ధగా వినే సంప్రదాయం మనది. ఆ శ్రద్ధ చెవి దగ్గర ఆగిపోకుండా కంప్యూటరు దాకా కొనసాగాలి. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. అమరికలు వేరు, సామగ్రి వేరు. అవును-కాదు జవాబులు, ఆంగ్ల వర్ణక్రమంలోని ఊరి పేర్లు వంటి అమరికల విషయంలో అక్షరభేదాన్ని విస్మరించవచ్చు. రోమన్ లిపిలోని తెలుగు పాఠం విషయంలో విస్మరించకూడదు.

2. విస్మరణ ఒక్క పరీక్షకు పరిమితం కావాలి. బ్యాష్‌ఆర్‌సీలో నోకేస్‌గ్లాబ్, నోకేస్‌మ్యాచ్ అమరికలను శాశ్వతంగా ఉంచకూడదు. పూరణకు సంబంధించిన అమరికను ఉంచుకోవచ్చు.

3. ప్రారంభ స్క్రిప్టులలో చదరపు కుండలీకరణాల నమూనా, లేదా చిన్న అక్షరాలలోకి మార్చిన నకలు వాడడం అన్ని షెల్‌లకూ అనుకూలం. గుర్తించలేని విలువ వస్తే ఊహించకుండా హెచ్చరించాలి.

4. ఫైళ్ళ పేర్లు పెద్దచిన్నల తేడాపై ఆధారపడకూడదు. తెలుగు లిపిలో పేరు పెట్టడం, లేదా వరుస సంఖ్య చేర్చడం మేలు.

5. తొలగించే ముందు జాబితా చూడాలి. తిరిగి సేకరించలేని రికార్డింగుకు రెండు చోట్ల నకలు ఉండాలి.

నా ప్రారంభ స్క్రిప్టులో ఆ వాక్యాన్ని తొలగించి చాలాకాలమైంది. ఆత్మకూరు పాటలు ఇప్పుడు తెలుగు లిపిలో, తేదీతో, గాయని పాడిన వరుస సంఖ్యతో రెండు చోట్ల భద్రంగా ఉన్నాయి. దొరకని ఆ రెండు చరణాల స్థానాన్ని మాత్రం పాఠంలో ఖాళీగానే ఉంచాను. పాఠపరిష్కర్తలు శిథిలమైన తాళపత్రం విషయంలో పాటించే పద్ధతే అది.